"ఒక కప్పు కాఫీ అంతేగా!": ఎనర్జీ డ్రింక్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఎనర్జీ డ్రింకులు తాగొద్దని ఎవరైనా చెబితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: "ఇందులో ఉన్నది ఒక కప్పు కాఫీలో ఉన్నంత కెఫీనే కదా!" వాటిని తయారు చేసే కంపెనీలూ ఇదే అంటాయి, జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లూ ఇదే అంటారు. ఈ మాటలో అబద్ధం లేదు. మన కిరాణా కొట్లలో ఇరవై రూపాయలకు అమ్మే 250 మిల్లీలీటర్ల స్టింగ్ సీసాలో దాదాపు 72 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంతే సైజు రెడ్ బుల్ డబ్బాలో 75 దాకా ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చూస్తే, 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా., ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుందని రాశారు. అంటే మన ఇంట్లో పొద్దున్నే తాగే కాఫీకీ ఆ ఎర్ర సీసాకూ కెఫీన్‌లో పెద్ద తేడా లేదు.

మరి లిథువేనియా 2014లో, లాత్వియా 2016లో, పోలండ్ 2024 జనవరి నుంచి 18 ఏళ్లలోపు వాళ్లకు ఎనర్జీ డ్రింకులు అమ్మకూడదని చట్టాలు ఎందుకు తెచ్చాయి? కాఫీని వదిలేసి వీటినే ఎందుకు పట్టుకున్నాయి? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి ఒక సీసా తాగితే ఏమీ కాదు. వాట్సాప్‌లో తిరిగే "ఒక్క సీసాతో గుండె ఆగిపోయింది" తరహా వీడియోలను నమ్మాల్సిన పని లేదు. కానీ ఆ కాఫీ పోలిక పనిచేసేది అంతవరకే. తాగేది ఎవరు, ఎన్ని తాగుతున్నారు, ఏ వేళలో తాగుతున్నారు, దేంతో కలిపి తాగుతున్నారు అని అడగడం మొదలుపెడితే ఆ పోలిక ఒక్కొక్క చోట విరిగిపోతూ వస్తుంది.

శక్తి ఎక్కడి నుంచి వస్తోంది?

ముందు అసలు అది చేసే పనేమిటో చూద్దాం. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది వెళ్లి మెదడు కణాల మీదున్న తన రిసెప్టర్లకు, అంటే దాన్ని పట్టుకునే తావులకు, అతుక్కుంటే మనకు మగతగా, ఒళ్లు బరువుగా అనిపిస్తుంది. ఇక పడుకో అని శరీరం చెప్పే తీరు అది. కెఫీన్ ఆకారం అడినోసిన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ రిసెప్టర్లలో తాను దూరి కూర్చుంటుంది. అడినోసిన్ ఎక్కడికీ పోదు, బయటే పేరుకుంటూ ఉంటుంది. కెఫీన్ ప్రభావం తగ్గగానే అదంతా ఒక్కసారి మీద పడుతుంది. సీసా తాగిన నాలుగైదు గంటలకు ముందుకంటే నీరసంగా అనిపించడానికి ఇదొక కారణం.

అంటే కెఫీన్ మనకు శక్తినివ్వదు, అలసట తెలియకుండా చేస్తుంది. ఆ డ్రింకులో నిజంగా శక్తినిచ్చేది ఏదైనా ఉందంటే అది చక్కెర ఒక్కటే. 250 మి.లీ. రెడ్ బుల్‌లో 27 గ్రాముల చక్కెర ఉంటుంది. అమెరికాలో అమ్మే 473 మి.లీ. మాన్‌స్టర్ డబ్బాలో 54 గ్రాములు. రోజు మొత్తంలో విడిగా కలుపుకునే చక్కెర 25 గ్రాములు దాటకుండా ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మధుమేహం ఇంటింటా ఉన్న మన రాష్ట్రాల్లో రోజుకో డబ్బా అలవాటంటే, కెఫీన్ సంగతి పక్కన పెట్టినా, ఆ చక్కెర ఒక్కటే చాలినంత సమస్య. షుగర్ ఫ్రీ డబ్బాలతో చక్కెర బాధ తప్పుతుంది కానీ కెఫీన్ అంతే ఉంటుంది, పళ్ల ఎనామిల్‌ను కరిగించే ఆమ్లాలూ అలాగే ఉంటాయి.

ముప్పై కిలోల పిల్లాడి లెక్క

కాఫీ పోలిక అన్నిటికంటే దారుణంగా తప్పేది పిల్లల దగ్గర. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లు రోజుకు 400 మి.గ్రా. దాకా కెఫీన్ తీసుకున్నా ఫర్వాలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. మన పోషకాహార సంస్థ ఇంకాస్త జాగ్రత్తగా 300 మి.గ్రా. దాటొద్దంది. ఇవి పెద్దవాళ్లకు చెప్పిన అంకెలు. పిల్లల విషయంలో యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన లెక్క వేరు: కిలో బరువుకు రోజుకు 3 మి.గ్రా. వరకే.

రెండో తరగతి చదివే 22 కిలోల పాపను తీసుకోండి. ఆమె హద్దు 66 మి.గ్రా. ఒక్క ఇరవై రూపాయల సీసాతోనే అది దాటిపోయింది. ఐదో తరగతి బాబు 30 కిలోలు ఉంటే అతని హద్దు 90 మి.గ్రా. ఒక సీసా తాగి, సాయంత్రం ఇంట్లో ఒక కప్పు టీ తాగితే అతనూ దాటేసినట్టే. పాప చేతికి రోజూ పెద్ద గ్లాసుడు స్ట్రాంగ్ కాఫీ ఇచ్చే తల్లి మన ఊళ్లలో కనబడదు. అదే కెఫీన్‌ను ఎర్ర రంగులో, పండ్ల వాసనతో, చల్లగా, చిప్స్ ప్యాకెట్ల పక్కన పెడితే ఎవరికీ అనుమానం రావడం లేదు. దాన్ని ఇంకో రకం కూల్ డ్రింక్ అనుకుంటున్నారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

"పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కెఫీన్ పడనివారు తాగకూడదు" అని సీసా మీదే రాసి ఉంటుంది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన అది. రోజుకు 500 మి.లీ. మించొద్దని కూడా రాయాలి. అయితే ఆ అక్షరాలు ఎంత సన్నగా ఉంటాయో, ఏ భాషలో ఉంటాయో ఒకసారి సీసా తిప్పి చూడండి. చదివినా దుకాణదారు ఆపాలన్న రూలు లేదు. పిల్లలకు అమ్మితే నేరం అనే వయసు నిబంధన దేశమంతటికీ కలిపి మన దగ్గర ఇంకా రాలేదు. బడి గేటు ఎదురుగా ఉన్న బడ్డీ కొట్టువాడు చట్టం ప్రకారం తప్పేమీ చేయడం లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లోనే పిల్లల, టీనేజర్ల ఆహారంలో ఎనర్జీ డ్రింకులకు చోటే లేదని తేల్చి చెప్పింది. "తక్కువగా ఇవ్వండి" అని కాదు, అసలు వద్దని.

చిత్రమేమిటంటే మన నిబంధనల్లో దీని పేరు ఎనర్జీ డ్రింక్ కానే కాదు, కెఫీన్ కలిపిన పానీయం. లీటరుకు 145 నుంచి 300 మి.గ్రా. వరకు కెఫీన్ ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. 2025 సెప్టెంబరులో మారిన జీఎస్టీలో వీటిని 40 శాతం పన్నులో పెట్టారు. అంత పన్ను కట్టి కూడా సీసా ఇరవై రూపాయలకు, కొన్ని బ్రాండ్లు పది రూపాయలకు దొరుకుతున్నాయి. కొన్నేళ్ల కిందట వంద రూపాయల పైన పెడితే గానీ రాని డబ్బా ఇప్పుడు పాకెట్ మనీ ధరకు దిగింది. పిల్లల చేతికి వచ్చింది అందుకే.

పరీక్షల రాత్రి

ఇంటర్, ఇంజినీరింగ్ హాస్టళ్లలో పరీక్షల ముందు నైట్ అవుట్ చేయడం మామూలే. సాయంత్రం స్టడీ అవర్స్‌లో రెండు టీలు, తొమ్మిదింటికి ఒక సీసా, పన్నెండింటికి ఇంకోటి. వేడి కాఫీ వరుసగా మూడు కప్పులు తాగడం ఎవరికైనా కష్టం, చేదు అడ్డుపడుతుంది. చల్లగా తియ్యగా ఉన్న సీసాకు ఆ అడ్డు ఉండదు. కాఫీ తాగేవాళ్లు కప్పులు లెక్కపెడతారు, కూల్ డ్రింక్ తాగేవాళ్లు లెక్కపెట్టరు. ఆ రెండు టీలు, రెండు సీసాలు కలిపితే 200 నుంచి 270 మి.గ్రా. అవుతుంది. పొద్దున జిమ్‌లో ప్రీ-వర్కౌట్ పౌడర్ కూడా వేసుకునే అబ్బాయైతే, ఒక స్కూపులోనే రెండు మూడు వందల మి.గ్రా. ఉండే రకాలున్నాయి. విడివిడిగా చూస్తే ఏదీ ఎక్కువ కాదు, కలిపి ఎవరూ చూడరు.

కెఫీన్ మన శరీరంలో సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి తాగిన సీసాలో సగం తెల్లవారుజామున రెండింటికి ఇంకా రక్తంలోనే ఉంటుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మి.గ్రా. కెఫీన్ ఇచ్చి చూస్తే నిద్ర గంటకు పైగా తగ్గింది. రోజంతా చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పరీక్ష కోసం సీసా తాగి నిద్ర పోగొట్టుకున్న విద్యార్థి చదివినదాంట్లో కొంత వదులుకుంటున్నాడు. మర్నాడు మత్తు వదలక ఇంకో సీసా. ఈ తిరగలి వారం రోజులు నడిస్తే చేతులు వణకడం, గుండె దడ, కారణం లేని టెన్షన్, చిరాకు మొదలవుతాయి. అవి పరీక్ష భయం వల్ల అనుకుంటారు. భయమూ ఉండొచ్చు, కానీ దాన్ని పెంచుతున్నది పక్కనున్న ఖాళీ సీసా.

2024 జనవరిలో బ్రిటన్ పరిశోధకులు 21 దేశాల్లో పన్నెండు లక్షల మంది పిల్లలు, యువకుల మీద జరిగిన 57 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఎనర్జీ డ్రింకులు తాగేవాళ్లలో ఆందోళన, డిప్రెషన్, నిద్రలేమి, ఆత్మహత్య ఆలోచనలు కూడా ఎక్కువగా కనిపించాయి. ఇక్కడ తొందరపడకూడదు. ఇబ్బందుల్లో ఉన్న పిల్లలే ఈ డ్రింకుల వైపు ఎక్కువ వెళ్తున్నారేమో, ఇలాంటి పరిశీలనలు అది తేల్చలేవు. కానీ ఒక పిల్లవాడు రోజూ సీసాల మీద సీసాలు తాగుతుంటే, ఏం తాగుతున్నాడని మాత్రమే కాకుండా ఎలా ఉన్నాడని కూడా అడగాల్సిన సంగతి అని మాత్రం అవి చెబుతున్నాయి.

గుండె దగ్గర తేడా

"కెఫీన్ కెఫీనే, కాఫీలో ఉన్నా డబ్బాలో ఉన్నా ఒకటే" అనే వాదనను నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 18 మందికి ఒకరోజు 946 మి.లీ. ఎనర్జీ డ్రింక్, ఇంకోరోజు అంతే కెఫీన్, అంటే 320 మి.గ్రా., మాత్రమే కలిపిన పానీయం ఇచ్చి ఈసీజీలు తీశారు. ఈసీజీలో క్యూటీ అనే ఒక వ్యవధి ఉంటుంది. గుండె ఒకసారి కొట్టుకున్నాక కరెంటుపరంగా మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయం అది. ఆ సమయం మరీ సాగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. రెండు గంటల తర్వాత చూస్తే, ఒట్టి కెఫీన్ కంటే ఎనర్జీ డ్రింక్ తాగినప్పుడు క్యూటీ దాదాపు 10 మిల్లీసెకన్లు ఎక్కువగా ఉంది. ఆరు గంటల తర్వాత కూడా పై బీపీ కాస్త ఎక్కువగానే నిలిచింది. 2019లో అదే పరిశోధన బృందం 34 మందితో, ఈసారి కెఫీన్ లేని ఉత్తుత్తి పానీయంతో పోల్చి చేసినప్పుడూ క్యూటీ 6 నుంచి 8 మిల్లీసెకన్ల దాకా సాగింది.

అంటే డబ్బాలో కెఫీన్ కాకుండా ఇంకేదో పనిచేస్తోంది. టారిన్, గ్లూకురోనోలాక్టోన్, జిన్సెంగ్, బీ విటమిన్లు, ఇవన్నీ కలిసిన మిశ్రమంలో దేని వల్లో తేలలేదు. టారిన్‌ను విడిగా చూసి డ్రింకుల్లో ఉన్న మోతాదు వరకు భయపడక్కర్లేదని యూరప్ సంస్థ 2009లో చెప్పింది. కలిసినప్పుడు ఏమవుతుందనేది వేరే ప్రశ్న.

ఈ ప్రయోగాల్లో ఇచ్చింది తక్కువేమీ కాదు, మన సీసాలు నాలుగింటితో సమానం. పది మిల్లీసెకన్ల తేడా ఆరోగ్యమైన గుండెను ఏమీ చేయదు. అందుకే ఒక సీసాతో ప్రాణం పోతుందనే మాట నేను అనను. కానీ పుట్టుకతోనే క్యూటీ ఎక్కువగా ఉండే సమస్య దాదాపు రెండు వేల మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి అది తమకు ఉందని తెలియదు, ఎందుకంటే మన దగ్గర ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈసీజీ తీయించాలని ఎవరికి తోస్తుంది? అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2024లో జన్యుపరమైన గుండె జబ్బులుండి, గుండె ఆగి బతికి బయటపడ్డ 144 మంది వివరాలు చూశారు. వారిలో ఏడుగురు ఆ ఘటనకు కాస్త ముందు ఎనర్జీ డ్రింక్ తాగి ఉన్నారు. డ్రింకే కారణమని ఆ వైద్యులు అనలేదు. నిద్ర లేకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, ఎక్కువ శ్రమ కూడా ఆ సమయంలో తోడై ఉన్నాయని రాశారు. సరిగ్గా అవే మన దగ్గరా తోడవుతాయి. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి ఒక డబ్బా తాగి అట్నుంచే బాక్స్ క్రికెట్‌కు వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఊహించుకోండి.

మందులు, మద్యం, ఎండ

మందుల షాపులో చీటీ లేకుండా విరేచనాలకు కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్ కెఫీన్‌ను శరీరం నుంచి త్వరగా పోనివ్వదు. అప్పుడు ఒక సీసా పనితీరు రెండు సీసాల్లా ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోనూ కెఫీన్ దాదాపు రెట్టింపు సమయం నిలుస్తుంది. గర్భం చివరి నెలల్లో ఇంకా ఎక్కువ. గర్భిణులు రోజుకు 200 మి.గ్రా. దాటకూడదని చెబుతారు. అజిత్రోమైసిన్ లాంటి కొన్ని మందులు స్వయంగా క్యూటీని సాగదీస్తాయి, వాటితో డబ్బాలు జతచేయడం అనవసరపు రిస్క్.

విటమిన్లు కదా, ఎంతైనా మంచిదే అనుకునేవారి కోసం ఒక కేసు. రోజూ నాలుగైదు డబ్బాల చొప్పున మూడు వారాలకు పైగా తాగిన యాభై ఏళ్ల నిర్మాణ కార్మికుడు కామెర్లతో ఆసుపత్రిలో చేరిన సంగతి 2016లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఆయన కాలేయం దెబ్బతినడానికి డబ్బాల్లోని నియాసిన్, అంటే బీ3 విటమిన్, కారణమై ఉంటుందని వైద్యులు భావించారు. తాగడం మానేశాక కోలుకున్నాడు.

మద్యంలో కలిపి తాగడం అన్నిటికంటే ప్రమాదకరం. కెఫీన్ మత్తును తగ్గించదు, మత్తు తెలియకుండా చేస్తుంది. కళ్లు బాగానే తెరుచుకుని ఉంటాయి, చేతులూ బుద్ధీ మాత్రం తాగిన మనిషివే. "నాకేం కాలేదు, నేనే నడుపుతా" అనేది అలాంటప్పుడే. అమెరికాలో కెఫీన్ కలిపిన మద్యం డబ్బాలు విద్యార్థుల్లో బాగా పాకాక, 2010 నవంబరులో ఎఫ్‌డీఏ నాలుగు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. ఆ తర్వాత అవి మార్కెట్ నుంచి వెళ్లిపోయాయి. పబ్బులో గ్లాసులో ఎవరికి వారు కలుపుకునేదాన్ని ఏ సంస్థ ఆపగలదు?

ఎండ సంగతి మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో డెలివరీ బాయ్‌లు, మేస్త్రీలు, లారీ డ్రైవర్లు నీరసం తీరుతుందని ఈ సీసాలు తాగుతున్నారు. ఎండదెబ్బ తగిలేటప్పుడు శరీరానికి కావలసింది నీళ్లు, ఉప్పు, నీడ. సీసా ఈ మూడింట్లో కొంచెం నీరు మాత్రం ఇచ్చి, దాంతోపాటు అప్పటికే వేగంగా కొట్టుకుంటున్న గుండెను ఇంకాస్త తరుముతుంది, ఇక ఆగమని శరీరం చేసే హెచ్చరికను వినబడనివ్వదు. ఓఆర్‌ఎస్ వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లలో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పొటాషియం, సిట్రేట్ లవణాలు ఉంటాయి. ఈ పాళ్లలో ఉంటేనే పేగు నీటిని లాక్కోగలుగుతుంది. తియ్యటి పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలా పేరు పెట్టడాన్ని నిషేధించింది. ఎనర్జీ డ్రింకులకు ఆ పేరు లేదు, కానీ ఎండలో జనం వాటిని వాడుతున్నది ఆ పనికే. ఉప్పు వేసిన మజ్జిగ ధరలోనూ పనిలోనూ వాటికంటే మేలు.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. మన దగ్గర లీటరుకు 300 మి.గ్రా. పరిమితి ఉంది కాబట్టి 250 మి.లీ. సీసాలో 75 దాటదు. అక్కడ ఎనర్జీ డ్రింకులకు అలాంటి హద్దు లేదు. 355 మి.లీ. సెల్సియస్ అనే బ్రాండ్ డబ్బాలో 200 మి.గ్రా., 473 మి.లీ. మాన్‌స్టర్‌లో 160, బ్యాంగ్‌లో 300 ఉంటుంది. ఇక్కడ రెండు సీసాలకు అలవాటుపడ్డ అబ్బాయి అక్కడ పార్ట్‌టైమ్ ఉద్యోగంలో రాత్రి షిఫ్ట్‌కు రెండు డబ్బాలు తాగితే, లెక్క ఒక్కసారిగా నాలుగు రెట్లు కావచ్చు. డబ్బా వెనక అంకె చూసి కొనండి.

రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపు తలనొప్పి, చిరాకు, నిద్రమత్తు మొదలై కొందరికి వారం పైన ఉంటాయి. ప్రమాదమేమీ లేదు కానీ ఆ తలనొప్పి భరించలేకే చాలామంది మళ్లీ సీసా తెరుస్తారు. మూడు సీసాలు తాగేవారు ముందు రాత్రిది మానేసి, కొన్ని రోజులాగి మధ్యాహ్నంది మానేస్తే తేలిక. ఇక తాగిన తర్వాత గుండె లయ తప్పినట్టు దడదడలాడటం, ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఫిట్స్, ఆగని వాంతులు ఏది కనిపించినా నిమ్మరసమో నీళ్లో తాగించి చూద్దామని ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయిన చరిత్ర ఉంటే ఆ సంగతీ, ఏ డ్రింక్ ఎన్ని తాగారు, ఎన్ని గంటల కిందట, ఏయే మందులు వాడుతున్నారు అన్న వివరాలూ డాక్టరుకు దాచకుండా చెప్పాలి. వీలైతే ఖాళీ సీసా కూడా వెంట తీసుకెళ్లండి.